ఎల్‌ఎల్‌ఆర్ చేతికొచ్చాక ఆ ముప్పై రోజులు

బెంగళూరు కె.ఆర్. పురంలో గూడ్స్ ఆటోలు, ట్యాక్సీలు నడుపుకునే తెలుగువాళ్లం ఒక ఆదివారం పొద్దున కూర్చుని విన్న మాటలివి. ట్రిప్పుల మీద ఉండి రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం. మాట్లాడినది హిందూపురం వైపు నుంచి వచ్చి, ముప్పై ఏళ్లకు పైగా లారీ నడిపి, ఇప్పుడు హెవీ, అంటే లారీల్లాంటి పెద్ద బండ్ల డ్రైవింగ్ నేర్పుతున్న పెద్దాయన.

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడినవాళ్లు ముందుకు రండప్పా, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఆదివారం పొద్దున నిద్ర మానుకుని వచ్చారు. కొందరు రాత్రి లోడు దించి నేరుగా వచ్చినట్టున్నారు, కళ్లు చూస్తేనే తెలుస్తోంది. కాబట్టి ఎక్కువసేపు కూర్చోబెట్టను.

ముందు చేతులెత్తండి. టాటా ఏస్ నడిపేవాళ్లు ఎంతమంది? సరే. బొలెరో పికప్, 407? సరే. ట్యాక్సీ? ఇప్పుడు చెప్పండి, హెవీ తీసుకోవాలని ఎంతమందికి ఉంది? అబ్బో, దాదాపు అందరూ ఎత్తారు. ఇంకొక్క ప్రశ్న ఉంది. హెవీ లైసెన్స్ కోసం ఏజెంట్‌కి ఇప్పటికే డబ్బులు ఇచ్చేసినవాళ్లు ఎంతమంది? దీనికి చేతులెత్తొద్దు. మనసులో అనుకోండి చాలు. నేను ఈరోజు వచ్చిందే మీతో మాట్లాడటానికి.

చట్టం ఏం చెబుతుందో ముందు చెప్పేస్తాను, అది చిన్న సంగతే. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం కారు లైసెన్స్‌కి పద్దెనిమిదేళ్లు నిండాలి. ట్రాన్స్‌పోర్ట్ బండికి, అంటే కిరాయికి సరుకులో మనుషులో తోలే బండికి, ఇరవై నిండాలి. ఇరవై నిండగానే నేరుగా లారీకి వెళ్లడానికి లేదు. లైట్ మోటార్ వెహికల్, అంటే ఎల్‌ఎంవీ లైసెన్స్ మీ చేతిలో కనీసం ఏడాది ఉండాలి. అప్పుడే ట్రాన్స్‌పోర్ట్ బండికి ఎల్‌ఎల్‌ఆర్, అంటే నేర్చుకునేవాళ్లకిచ్చే లైసెన్స్ ఇస్తారు. ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది. అది వచ్చిన 30 రోజుల తర్వాతే టెస్టుకి వెళ్లాలి. ఈ ముప్పై రోజుల మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

డాక్టరు దగ్గర ఫారం 1ఏ, అంటే ఆరోగ్యం సరిగ్గా ఉందని చెప్పే కాగితం, రాయించుకోవాలి. డ్రైవింగ్ స్కూల్ వాళ్లు ఫారం 5 ఇవ్వాలి, అంటే ఈ మనిషికి మేం నేర్పించాం అని వాళ్లు సంతకం పెట్టే కాగితం. అప్లికేషన్ అంతా సారథి వెబ్‌సైట్‌లోనే పెట్టాలి. ఫీజులు చూడండి. కేంద్రం పెట్టిన నిబంధనల్లో ఎల్‌ఎల్‌ఆర్‌కి 150 రూపాయలు, దాని పరీక్షకి 50, డ్రైవింగ్ టెస్టుకి 300, కొత్త తరగతి బండి చేర్చడానికి 500. దాని మీద రాష్ట్రం వేసే చిల్లర ఖర్చులు కొన్ని ఉంటాయి. అంటే ప్రభుత్వానికి కట్టేది ఇంతే. మరి మీరు ఏజెంట్‌కి ఇచ్చింది ఎంత? మిగతా డబ్బు దేనికి పోయింది? స్కూల్లో బండి ఎక్కించి నేర్పితే, డీజిల్‌కి, నేర్పే మనిషికి పోయిందంటే న్యాయమే, తప్పు పట్టను. బండి ఎక్కించకుండానే తీసుకుంటే మాత్రం, ఆ డబ్బుతో మీరు ఫారం 5 మీద ఒక అబద్ధం కొనుక్కున్నారు. కఠినంగా అంటున్నానని అనుకోవద్దు. ఎందుకంటున్నానో కాసేపట్లో చెబుతాను.

దానికి ముందు, రోజూ ఫోన్‌లో నన్నడిగే ప్రశ్న ఒకటి. "అన్నా, మాది ఉత్త ఎల్‌ఎంవీ లైసెన్స్. ఏస్ నడుపుతుంటే పోలీసులు ఆపుతారా? ఇన్సూరెన్స్ రాదా?" ఈ గొడవ చాలా ఏళ్లు కోర్టుల్లో నలిగింది. 2024 నవంబర్ 6న సుప్రీంకోర్టులో ఐదుగురు జడ్జిల ధర్మాసనం తేల్చేసింది. బండి మొత్తం బరువు, అంటే బండి సొంత బరువూ లోడూ కలిపి 7,500 కిలోలు దాటకపోతే, ఎల్‌ఎంవీ లైసెన్స్ ఉన్నవాళ్లు ట్రాన్స్‌పోర్ట్ బండైనా నడపొచ్చు. ఏస్, పికప్, 407 వాళ్లు ఈ విషయంలో భయపడక్కర్లేదు. మీ ఆర్‌సీ తీసి మొత్తం బరువు ఎంత రాశారో చూసుకోండి. ఏడున్నర టన్నులు దాటిందా, మీకు హెవీ కావాల్సిందే.

దాటిన బండ్ల బరువు ఎంతుంటుందో తెలుసా? 2018 జులైలో కేంద్రం యాక్సిల్ బరువులు, అంటే ఒక్కో ఇరుసు మీద మోయనిచ్చే బరువులు పెంచింది. ఆరు చక్రాల లారీ మొత్తం 18.5 టన్నుల దాకా వెళ్లొచ్చు. పది చక్రాలది 28.5 టన్నులు. ఏస్ నడిపే తమ్ముడూ, నీ బండి లోడుతో కలిపినా రెండు టన్నుల లోపే కదా? అంటే నీ బండ్లు పధ్నాలుగు ఒకదాని వెనక ఒకటి కట్టి, వాటన్నిటికీ నిన్నొక్కణ్నే బ్రేకు తొక్కమన్నట్టు. పది చక్రాల బండంటే అది. స్టీరింగ్, గేరు, క్లచ్చు అన్నీ ఉన్నాయి కదా, నాకొచ్చిందే కదా అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను.

ఇప్పుడు నా సంగతి చెబుతాను. దీన్ని ఎక్కువమందికి చెప్పలేదు.

నేను పదిహేడేళ్లకు మా మామ లారీలో క్లీనర్‌గా ఎక్కాను. హిందూపురం నుంచి బెల్లం, చింతపండు యశవంతపురం మార్కెట్‌కి తోలేవాళ్లం. మామ నిద్రొచ్చినప్పుడు, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు స్టీరింగ్ ఇచ్చేవాడు. అదే నా స్కూలు. తర్వాత ఒక ఏజెంట్ లైసెన్స్ ఇప్పించాడు. టెస్టు రోజు బండి ముందుకు తోలాను, ఆపాను, దిగాను. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. ఇంటికెళ్లి అమ్మకి చూపించి గొప్పగా చెప్పుకున్నాను. లైసెన్స్ అయితే ఉంది. బ్రేకు ఎలా పనిచేస్తుందో మాత్రం నాకు ఒక్కరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

రెండేళ్ల తర్వాత, మదనపల్లె నుంచి టమోటా లోడు. మద్రాసు వెళ్లాలి. తెల్లారేలోపు మార్కెట్‌లో దించకపోతే రేటు పడిపోతుందని ఓనరు తొందర. పలమనేరు దాటాక మొగిలి ఘాట్ ఉంది, మీలో చిత్తూరు వైపు తిరిగేవాళ్లకు తెలుసు. డీజిల్ మిగులుతుందని దిగుడులో బండి న్యూట్రల్ చేయడం నాకు అలవాటు. అప్పట్లో అందరూ చేసేవాళ్లు. ఇప్పటికీ చేస్తున్నారు, నాకు తెలుసు. న్యూట్రల్‌లో వదిలి, బ్రేకు తొక్కుతూ దిగుతున్నాను. సగం దిగేసరికి రబ్బరు కాలినట్టు వాసన. ఇంకాసేపటికి బ్రేకు తొక్కితే కాలు కిందికి పోతోంది, బండి మాత్రం ఆగట్లేదు. గేరు వేద్దామని చూశాను, ఆ వేగంలో పడలేదు. పక్కన లోయ. ఇటు పక్క గుట్ట. గుట్ట వైపే కోసేశాను. బండి గుట్టను రాసుకుంటూ పోయి, ఒక చెట్టుకు తగిలి ఆగింది.

నాకు నుదుటి మీద చిన్న గాయం. క్లీనర్ కూర్చున్న పక్కే తగిలింది. మా ఊరి పిల్లాడే, వాళ్లమ్మ నన్ను నమ్మి పంపించింది. కుడికాలు రెండు చోట్ల విరిగింది. బతికాడు. ఇప్పుడు ఊళ్లో చిన్న అంగడి పెట్టుకున్నాడు. కుంటుతూ నడుస్తాడు. నేను ఊరెళ్లినప్పుడల్లా పిలిచి టీ ఇస్తాడు. ఒక్కమాట అనలేదు ఇన్నేళ్లలో. ఆ టీ తాగడం నాకు ఎంత కష్టంగా ఉంటుందో మీకు చెప్పలేను.

ఆ రాత్రి నాకు తెలియనిది ఏమిటి? ఒకే ఒక్క విషయం. ఏ గేరులో ఘాట్ ఎక్కుతామో, దాదాపు అదే గేరులో దిగాలి. గేరులో ఉంటే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకుల మీద భారం పడదు. న్యూట్రల్ చేస్తే అంత బరువునీ బ్రేకులే మోయాలి. అవి కాలిపోతాయి, కాలిన బ్రేకుకి పట్టు ఉండదు. ఇది నేర్చుకోవడానికి ఎంతసేపు పడుతుంది? ఇప్పుడు చెప్పడానికి ఒక నిమిషం పట్టింది. ఎల్‌ఎల్‌ఆర్ ఉన్న రోజుల్లో ఎవరైనా పక్కన కూర్చుని ఒక్కసారి ఘాట్ దింపించి ఉంటే ఆ పిల్లాడి కాలు బాగుండేది.

డీజిల్ సంగతి కూడా చెబుతాను, ఓనర్లు అదే అంటారు కాబట్టి. ఇప్పటి ఇంజన్లలో దిగుడులో గేరులో ఉంచి యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే, కంప్యూటరే డీజిల్ ఆపేస్తుంది. న్యూట్రల్ చేస్తేనే ఇంజన్ ఆగిపోకుండా డీజిల్ తాగుతుంది. అంటే న్యూట్రల్‌లో మిగిలేదేమీ లేదు, పోయేదే ఉంది. మీ ఓనరుకి ఇది చెప్పండి. వినకపోతే నాకు ఫోన్ చేయించండి.

అందుకే అంటున్నాను, ఆ ముప్పై రోజులు మీవి. చట్టం మీకు ఇచ్చిన రోజులు. బండికి ముందూ వెనకా తెల్ల పలక మీద ఎర్రగా ఎల్ అని రాసి ఉంటుంది. పక్కన నేర్పేవాడు కూర్చుంటాడు. స్కూలు బండిలో అతని కాళ్ల కింద కూడా క్లచ్చు, బ్రేకు ఉంటాయి. మీరు తప్పు చేస్తే అతను తొక్కుతాడు. మీ జీవితంలో ఇంకెప్పుడైనా ఇలా ఉంటుందా? లైసెన్స్ వచ్చిన మర్నాడు ఓనరు తాళాలిచ్చి లోడు ఎక్కించి పంపిస్తాడు. అప్పుడు మీ పక్కన ఉండేది ఇరవై ఏళ్లు కూడా లేని క్లీనర్, నిద్రలో. తప్పు చేయడానికి మీకు దొరికేది ఆ ముప్పై రోజులే. వాటినే అమ్మేసుకుంటే ఎలా అప్పా?

సరే, ఆ రోజుల్లో ఏం నేర్చుకోవాలి? మొదటిది గాలి. మీ చిన్న బండ్లలో బ్రేకు నూనెతో పనిచేస్తుంది. లారీలో గాలితో. పొద్దున ఇంజన్ స్టార్ట్ చేయగానే కదిలించకూడదు. గేజులో గాలి నిండాలి, తక్కువుంటే బజర్ మోగుతూనే ఉంటుంది. ఆ బజర్ మోగుతుండగా బండి తీసేవాళ్లను నేను చూశాను. తీయొద్దు. గాలి నిండాక, కదలకముందే ఒకసారి బ్రేకు తొక్కి చూసుకోండి. గాలి ట్యాంకులో నీళ్లు చేరతాయి, వాటిని వదలాలి. క్లీనర్ చేస్తాడులే అనుకోకండి, ఎక్కడుందో మీరు చూసి, మీ చేత్తో ఒకసారి వదలండి.

రెండోది మలుపు. ఇదే బెంగళూరులో మనుషుల్ని చంపుతోంది. పెద్ద బండి మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు పోయిన దారిలో వెనక చక్రాలు పోవు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. బండి ఎంత పొడవుంటే అంత కోస్తాయి. టిన్ ఫ్యాక్టరీ దగ్గర, గొరగుంటెపాళ్య దగ్గర ఎడమకి తిరగాలంటే, కాస్త కుడికి జరిగి తీసుకుంటారా లేదా? ఆ ఎడమ పక్క సందు కనబడగానే ఎవడో స్కూటర్ మీద దూరతాడు. వాడి వెనక పిల్లాడు, మధ్యలో స్కూల్ బ్యాగు. వాడికి మీ వెనక చక్రం ఎటొస్తుందో తెలీదు. వాడు తెలుసుకోవాల్సిందే, కానీ తెలుసుకోలేదు. మీకు తెలుసు కదా? కాబట్టి చూడాల్సింది మీరే. తిరిగే ముందు ఎడమ అద్దం, తిరుగుతుండగా ఎడమ అద్దం, వెనక చక్రం మూల దాటేదాకా ఎడమ అద్దం. స్కూల్లో ఖాళీ మైదానంలో నాలుగు డ్రమ్ములు పెట్టి మలుపు తిప్పమంటాను. మొదటిరోజు అందరూ డ్రమ్ము పడేస్తారు. పడెయ్యాలి. డ్రమ్మే కదా.

మూడోది రివర్స్. టెస్టులో వెనక్కి తోలాలి, అక్కడ చాలామందికి టెన్షన్. గోడౌన్లలో, హొసకోటె వైపు వేర్‌హౌస్‌లలో మీ పనంతా రివర్స్‌లోనే ఉంటుంది. అద్దాలు మాత్రమే నమ్ముకుని నేర్చుకోండి. తలుపు తీసి తల బయటపెట్టి చూడటం అలవాటైతే కుడిపక్క కనబడుతుంది, ఎడమపక్క ఏముందో తెలీదు. వెనక క్లీనర్ "రానీ రానీ" అంటున్నాడంటే, అతను అద్దంలో కనబడుతున్నాడా చూడండి. కనబడకపోతే ఆపండి. గొంతు విని వెనక్కి పోకూడదు.

కళ్ల సంగతి. ఫారం 1ఏలో ఒక ప్రశ్న ఉంటుంది. మంచి వెలుతురులో 25 మీటర్ల దూరంలో కారు నంబర్ ప్లేటు చదవగలడా అని. కళ్లు చూపించుకోకుండానే ఈ కాగితం మీద సంతకం పెట్టించుకోవడం తేలికైన పని అయిపోయింది. అలా చేయొద్దు. నగరంలోకి పగటిపూట హెవీ బండ్లకు నో ఎంట్రీ వేళలు ఉంటాయి, అంటే మీ ఉద్యోగం ఎక్కువగా రాత్రిపూటే. రాత్రి కనబడనివాడికి పగలు సంతకం పెట్టించుకుంటే ఏం లాభం? కళ్లద్దాలు పెట్టుకుంటే లైసెన్స్ రాదని ఎవరో చెప్పారని ఒక తమ్ముడు అద్దాలు దాచి వచ్చాడు నా దగ్గరికి. అద్దాలతో సరిగ్గా కనబడితే చాలు. సిగ్గుపడాల్సిన పని కాదు. షుగర్, బీపీ ఉంటే అదీ చెప్పండి, చూపించుకోండి.

నిద్ర గురించి కూడా ఒక మాట. మోటార్ ట్రాన్స్‌పోర్ట్ కార్మికుల చట్టం 1961లోనే వచ్చింది. రోజుకి ఎనిమిది గంటలు, వారానికి 48 గంటలు, ఐదు గంటలు నడిపాక అరగంట విశ్రాంతి అని అందులో ఉండేది. 2025 నవంబర్‌లో దాని స్థానంలో కొత్త లేబర్ కోడ్ వచ్చింది. ఆ పాత చట్టాన్ని ఎవరైనా పాటించారా? మీరూ నేనూ ఎరుగుదుం. ఓనరుతో గొడవపడి ఉద్యోగం పోగొట్టుకోండి అని చెప్పను, ఇంటి అద్దె మీరే కట్టాలి. కానీ ఉద్యోగంలో చేరేటప్పుడే ఒక్క మాట అడగండి: రాత్రి ట్రిప్పుకి రెండో డ్రైవరు ఉన్నాడా? అడిగితే తప్పేం లేదు. అడగటం మనం మానేశాం కాబట్టే ఇవ్వడం వాళ్లు మానేశారు.

ఇక మీరు చీటీల మీద రాసిచ్చిన ప్రశ్నలు.

"ఎనిమిదో తరగతి పాస్ కాలేదు, హెవీ ఇస్తారా?" ఇస్తారు. ఆ నిబంధన 2019లో తీసేశారు. అది పెద్ద మేలు. మా తరంలో ఎంతోమంది మంచి డ్రైవర్లు చదువు లేక చాటుగా నడిపారు. కానీ పెట్రోలు, గ్యాస్, కెమికల్ ట్యాంకర్లకు వెళ్లాలంటే వేరు. ఒక భారతీయ భాషతో పాటు ఇంగ్లీషు చదవడం, రాయడం రావాలి, మూడు రోజుల ప్రత్యేక శిక్షణ ఉంటుంది. ట్యాంకర్ వెనక ఉన్న బోర్డు చదవలేకపోతే ప్రమాదంలో ఫైర్‌వాళ్లకి ఏం చెబుతారు?

"లైసెన్స్ ఎన్నేళ్లు?" ట్రాన్స్‌పోర్ట్‌కి ఐదేళ్లు. ఇంతకుముందు మూడే ఉండేది. ప్రమాదకర సరుకులకు మూడేళ్లు. తేదీ దాటాక నెల రోజులు చెల్లుతుందని ఇంకా కొందరు అనుకుంటున్నారు, ఆ సదుపాయం ఇప్పుడు లేదు. గడువుకి ఏడాది ముందు నుంచే రెన్యువల్ పెట్టుకోవచ్చు. గడువు దాటి ఏడాది గడిస్తే మళ్లీ టెస్టు. ఫోన్‌లో అలారం పెట్టుకోండి. లైసెన్స్ చెల్లని రోజున ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ బాధితులకు కట్టి, ఆ డబ్బు ఓనరు దగ్గర వసూలు చేస్తుంది. ఓనరు మీ మీద పడతాడు.

"నా ఆధార్ కదిరి అడ్రస్ మీద ఉంది, ఇక్కడ పెట్టుకోవచ్చా?" ఏ రాష్ట్రంలో ఉంటున్నారో ఆ రాష్ట్రంలో ఏ ఆర్టీవోలోనైనా పెట్టుకోవచ్చు, కానీ ఇక్కడ ఉంటున్నట్టు అడ్రస్ ఆధారం చూపించాలి. లేదంటే ఊళ్లోనే పెట్టుకోండి. టెస్టుకి ఒక రోజు సెలవు పోతుంది, అంతే. దానికోసం దొంగ రెంట్ అగ్రిమెంట్ చేయించొద్దు.

"మంచి స్కూల్ ఏది?" పేరు చెప్పను. ఎలా కనిపెట్టాలో చెబుతాను. వెళ్లి, "మీ హెవీ బండి ఎక్కడుంది, చూపించండి" అనండి. బండి చూపించకుండా ముందు రేటు చెప్పారా, బయటికి వచ్చేయండి. 2021లో కేంద్రం గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాలకు కొత్త నిబంధనలు తెచ్చింది. అక్కడ హెవీ కోర్సు 38 గంటలు, ఆరు వారాల లోపు, అందులో 22 గంటలు బండి మీదే. అలాంటి కేంద్రంలో పాసైతే ఆర్టీవోలో మళ్లీ టెస్టు ఉండదు. తమిళనాడులో నామక్కల్‌లో అశోక్ లేలాండ్ శిక్షణ కేంద్రం ఉంది, కుర్రాళ్లు వెళ్లి నేర్చుకుని వస్తున్నారు. దూరం అనుకోకండి. మన బెంగళూరు నుంచి ఒక రాత్రి ప్రయాణం కూడా కాదు.

చీటీలు అయిపోయాయి. మిగతావి బండి దగ్గర మాట్లాడుకుందాం. బయట గేటు పక్కన పది చక్రాల బండి పెట్టించాను, ఖాళీదే. ఒకరు డ్రైవర్ సీటులో కూర్చోండి. మిగతావాళ్లు బంపర్ ముందు, ఎడమ తలుపు కింద, వెనక చక్రాల పక్కన నిలబడండి. సీటులో ఉన్నవాడు ఎంతమంది కనబడుతున్నారో లెక్కపెట్టి చెప్పాలి. తర్వాత దిగి నిజంగా ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టాలి. అందరూ ఒక్కొక్కసారి ఎక్కాలి, తొందర లేదు. తాళాలు నా దగ్గరే ఉన్నాయి. మొదట ఎవరు ఎక్కుతారు? ఆ నీలం చొక్కా తమ్ముడూ, నువ్వు రా.